తమ్ముడితో రక్తం సగమే కలిసింది... అమ్మను అడగాలా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పుట్టి పెరిగింది గుంటూరులో. 14 ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాం. తమ్ముడు కూడా ఇక్కడే, మాకు రెండు గంటల దూరంలో ఉంటాడు. సేల్‌లో వచ్చాయని మా వారు డీఎన్ఏ టెస్ట్ కిట్లు కొన్నారు. నేనూ తమ్ముడూ సరదాగా చేయించుకున్నాం. వాడు పాస్‌వర్డ్ నాకిచ్చేసి 'నువ్వే చూసి చెప్పక్కా' అన్నాడు. మేమిద్దరం 24 శాతమే కలిశామని, 'హాఫ్ సిబ్లింగ్' అని వచ్చింది. మూడు వారాలుగా నిద్ర లేదు. వాడికి ఇంకా చెప్పలేదు.

అమ్మకు 66 ఏళ్లు. పెళ్లయిన ఏడేళ్లకు, మద్రాసులో వైద్యం చేయించుకుని, కోటప్పకొండకు మొక్కుకుంటే నేను పుట్టానని చెప్పేది. నాకు నాన్న పోలిక లేదని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవాళ్లు. ఆ మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది. నాన్న గుండెపోటుతో పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకానికి ఇద్దరం ఇండియా వెళ్తున్నాం. తమ్ముడు గోత్రం చెప్తుంటే నేను పక్కన ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? రాత్రిళ్లు రెండు గ్లాసుల్లో పాలు తిరగబోసి చల్లార్చి ఇచ్చేవారు నాన్న. నేను ఆయనకు ఏమవుతాను? ఆయనకు ఈ సంగతి తెలుసా, తెలియకుండానే పోయారా? అమ్మ మీద కోపం వస్తోంది, ఒక్కోసారి అసహ్యం కూడా. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. స్నేహితురాలికి చెప్తే కర్ణుడి కథ చెప్పింది. ఇంకా ఏడుపొచ్చింది. అమ్మను అడగాలా? మర్చిపోవాలా?

– ఒక కూతురు, టెక్సాస్

సమాధానం: అన్నిటికంటే ముందు ఒక విషయం చెప్పాలి. ఆ రిపోర్టు చెప్పని మాట ఒకటి మీరు దాంట్లో చదివేశారు.

ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన వాళ్ల డీఎన్ఏ సుమారు సగం కలుస్తుంది. అటూ ఇటూగా 38 నుంచి 61 శాతం. తల్లి ఒకరే అయి తండ్రులు వేరైతే పావు వంతు, అంటే 17 నుంచి 34 శాతం మధ్య ఉంటుంది. మీది 24. మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ కాబట్టి దానివల్ల లెక్క తప్పిందేమోనని చాలామందికి అనుమానం వస్తుంది. దగ్గర సంబంధాల్లో పెళ్లయితే ఈ శాతం పెరుగుతుందే కానీ తగ్గదు. శాంపిల్ తారుమారవడం చాలా అరుదు. అయినా మనసు ఒప్పుకోకపోతే మరో కంపెనీలో ఇంకోసారి చేయించుకోవచ్చు. కానీ ఫలితం మారుతుందని ఎదురుచూడొద్దు.

అయితే ఆ 24 శాతం చెప్పేది ఒక్కటే. మీకూ తమ్ముడికీ ఇద్దరు తల్లిదండ్రుల్లో ఒకరే ఉమ్మడి అని. ఆ తేడా మీ దగ్గర వచ్చిందా, తమ్ముడి దగ్గర వచ్చిందా అన్నది అందులో లేదు. మీరు నాన్న బిడ్డే అయి తమ్ముడు కాకపోవచ్చు. ఇద్దరూ కాకపోవచ్చు కూడా. పోలిక లేదన్న బంధువుల మాటను పట్టుకుని తేడా మీలోనే ఉందని మీరు తేల్చేసుకున్నారు. మిమ్మల్ని ఊరించాలని ఈ మాట చెప్పడం లేదు. ఇందులో మీ తమ్ముడి వాటా మీ వాటాకు ఏమాత్రం తక్కువ కాదని చెప్పాలనే. మీరు నిర్ణయం ఏది తీసుకున్నా ఈ సంగతి గుర్తుంచుకుని తీసుకోవాలి.

పెదనాన్న పిల్లల్లోనో బాబాయి పిల్లల్లోనో ఒకరికి టెస్ట్ చేయిస్తే ఎవరన్నది తేలుతుంది. అన్నదమ్ముల పిల్లల మధ్య సుమారు ఎనిమిదో వంతు కలుస్తుంది. దయచేసి ఇప్పుడు ఆ పని చేయొద్దు. విషయం చెప్పకుండా ఒకరి చేత గొట్టంలో ఉమ్మి వేయించడం తప్పు. చెప్పి చేయిస్తే, మీ అమ్మకు ఒక్క మాట చెప్పుకునే అవకాశం కూడా దొరక్కముందే చుట్టాలందరికీ తెలిసిపోతుంది.

ఇక మీ సంగతి. మూడు వారాలుగా మీరు పడుతున్నది దుఃఖం. నాన్న పోయినప్పుడు పడ్డ దుఃఖం లాంటిదే, కాకపోతే దీనికి పరామర్శకు వచ్చేవాళ్లు లేరు, పదకొండో రోజు లేదు. ఇలాంటి ఫలితం చూసిన చాలామంది అద్దంలో తమ ముఖం ఎవరిదో ముఖంలా కనిపించిందని చెప్తారు. పాత ఫోటోలు ముందేసుకుని కూర్చుంటారు. చిన్నప్పుడు ఎవరో అన్న మాటలన్నీ వెతికి తీసి కొత్త అర్థాలు చెప్పుకుంటారు. మీరు చేస్తున్నదీ అదే. ఒకే రోజు కోపం, జాలి, సిగ్గు, అపరాధభావం అన్నీ వచ్చిపోతాయి. అమ్మ మీద అసహ్యం వేసినంత మాత్రాన మీరు చెడ్డ కూతురు అయిపోరు. కర్ణుడి కథ చెప్పిన స్నేహితురాలిది మంచి మనసే. కానీ దెబ్బ తగిలిన రోజున కథ వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఆమె మీద కోపం పెట్టుకోకండి. 'నువ్వేమీ చెప్పొద్దు, పక్కన కూర్చుంటే చాలు' అని అడగండి.

మీ వారికి తెలుసో లేదో ఉత్తరంలో రాయలేదు. తెలియకపోతే ఈ రోజే చెప్పండి. ఇంత బరువు ఒక్కరే మోయలేరు. నిద్ర లేదంటున్నారు కాబట్టి మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థెరపిస్ట్‌ను వెతుక్కునేటప్పుడు దత్తత, దాత ద్వారా పుట్టిన పిల్లల విషయాల్లో అనుభవం ఉన్నవాళ్లు కావాలని అడగండి. అమెరికాలో ఇలాంటి ఫలితాలు చూసినవాళ్ల కోసమే కొన్ని సంఘాలున్నాయి. ఎన్‌పీఈ ఫ్రెండ్స్ ఫెలోషిప్ అందులో ఒకటి. అనుకున్న తండ్రి వేరు, తేలిన తండ్రి వేరు అయిన వాళ్లు అక్కడ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. మీ కథలో వాళ్లకు తెలియనిది గోత్రం ఒక్కటే. మిగతాదంతా మీరు సగం చెప్పేలోపే అర్థం చేసుకుంటారు. ఏ రాత్రయినా బతకాలని లేదనిపిస్తే ఆలస్యం చేయకుండా 988కి ఫోన్ చేయండి. ఇండియాలో ఉన్న రోజుల్లో మీకైనా, అమ్మకైనా టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇప్పుడు అమ్మ దగ్గరికి వద్దాం.

ఆమె పెళ్లి 1979లో అయి ఉండాలి. అప్పుడు ఆమెకు 20 ఏళ్లు. తర్వాత ఏడేళ్లు పిల్లల్లేరు. 1980ల గుంటూరులో ఆ ఏడేళ్లు ఎలా గడిచి ఉంటాయో మీకంటే పెద్దదాన్ని కాబట్టి నేను చెప్పగలను. సీమంతానికి పిలిచి, గాజులు తొడిగేటప్పుడు మాత్రం 'నువ్వు ఆగమ్మా' అనేవాళ్లు. పసిబిడ్డను ఎత్తుకోబోతే తల్లి ఏదో వంకతో లాక్కునేది. 'గొడ్రాలు' అన్న మాట వీధిలో కూడా వినపడేది. లోపం మగవాడిలో ఉండొచ్చన్న ఆలోచన డాక్టర్ గది దాటి బయటికి వచ్చేది కాదు. అబ్బాయికి మళ్లీ పెళ్లి చేద్దామన్న మాట ఎన్ని ఇళ్లలో వినలేదు? మీ అమ్మ ఆ మాట విన్నదో లేదో నాకు తెలియదు. వినకుండా ఏడేళ్లు గడవడం కష్టం.

అప్పుడు మద్రాసు. మన దేశంలో టెస్ట్ ట్యూబ్ వైద్యం అప్పుడప్పుడే మొదలవుతోంది. ముంబైలో డాక్టర్ ఇందిరా హిందుజా బృందం చేతుల మీదుగా హర్ష అనే టెస్ట్ ట్యూబ్ బిడ్డ పుట్టింది 1986 ఆగస్టులో, అంటే మీరు పుట్టిన ఏడాదే. భర్తలో లోపం ఉంటే డాక్టర్ల చేతిలో ఉన్న దారి దాత వీర్యం. చాలా దేశాల్లో మెడికల్ స్టూడెంట్లే దాతలు. పేరు రాసుకునేవారు కాదు. ఎవరికీ చెప్పకండి, బిడ్డకు కూడా చెప్పకండి అని డాక్టర్లే గట్టిగా చెప్పి పంపేవారు. కొన్నిచోట్ల భర్త వీర్యం కూడా కలిపి వాడేవారు. ఆ రాత్రి భార్యాభర్తలను కలవమనేవారు. బిడ్డ భర్తదే అయి ఉండొచ్చన్న ఆశ ఒక మూల మిగలాలని. ఆ ఆశ మీదే ముప్పై నలభై ఏళ్లు బతికిన దంపతులున్నారు. మీ అమ్మానాన్నా అలాంటి వాళ్లే అయితే వాళ్లు మీతో రోజూ అబద్ధం చెప్తున్నామని అనుకుని ఉండరు.

జరిగింది ఇదేనని నేను ఖాయంగా అనను. మీరూ అనుకోవద్దు. ఇంకోలా కూడా జరిగి ఉండొచ్చు. అమ్మకే తెలియకపోవచ్చు. అమెరికాలోనే ఇండియానాలో డోనాల్డ్ క్లైన్ అనే డాక్టర్ 1970లు, 80లలో తన దగ్గరికి వచ్చిన మహిళలకు చెప్పకుండా తన వీర్యాన్నే వాడాడు. కొందరు దంపతులు అది భర్తదేనని నమ్మారు. అలా పుట్టిన పిల్లలు 90 మందికి పైగా ఉన్నట్టు మీరు చేయించుకున్నలాంటి టెస్టుల వల్లే తర్వాత బయటపడింది. లేదా అమ్మ జీవితంలో మరో మనిషి ఉండి ఉండొచ్చు. లేదా ఆమె ఇష్టం లేకుండా, ఎవరికీ చెప్పుకోలేనిది ఏదైనా జరిగి ఉండొచ్చు. ఈ చివరి మాట రాయడానికి నాకూ కష్టంగానే ఉంది. కానీ మీరు అమ్మ ఎదురుగా కూర్చునే ముందు దాన్ని ఒక్కసారి మనసులోకి రానివ్వాలి. 'నువ్వు నాన్నను మోసం చేశావా' అన్న ప్రశ్నతో వెళ్తే, ఒకవేళ ఆమె మీద అఘాయిత్యం జరిగి ఉంటే, నలభై ఏళ్ల తర్వాత కూతురి చేతిలో రెండోసారి దెబ్బ తిన్నట్టవుతుంది.

అడగాలా అంటే, అడగాలి. మర్చిపోవడం మీ చేతిలో లేదు. మీరు ఎవరికి పుట్టారో తెలుసుకునే హక్కు మీకుంది. ఆ హక్కు నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. దాత ద్వారా పుట్టిన పిల్లలు పెద్దయ్యాక దాత వివరాలు తెలుసుకునేలా స్వీడన్‌లో 1985 నుంచే చట్టం అమల్లో ఉంది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ నుంచి దానం చేసినవాళ్ల పేరు దాచరు. మన దేశంలో 2021లో వచ్చిన చట్టం కూడా దాత పేరును రహస్యంగానే ఉంచింది. 1980ల్లో అయితే రికార్డు ఉంచాలన్న చట్టమే లేదు. ఆ మద్రాసు ఆసుపత్రిలో కాగితం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే మిగిలి ఉంటారు. మీ అమ్మ.

ఫోన్‌లో అడగకండి. వీడియో కాల్‌లోనూ వద్దు. మీరు ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటుంది. సంవత్సరీకం ముందు కూడా అడగొద్దు, ఆ మూడు నాలుగు రోజులు ఇంటినిండా చుట్టాలుంటారు. కార్యక్రమం అయి, అందరూ వెళ్లి, వంటింట్లో ఇద్దరే మిగిలిన పూట చూడండి. మధ్యాహ్నమైతే మంచిది. రాత్రి అడిగితే ఇద్దరికీ నిద్ర ఉండదు. రిపోర్టు ప్రింట్ తీసుకెళ్లి ముందు పెట్టకండి. అది పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది. ఇలా మొదలుపెట్టొచ్చు:

'అమ్మా, మేం అక్కడ ఒక టెస్ట్ చేయించుకున్నాం. నాకూ తమ్ముడికీ తండ్రి ఒకరు కాదని వచ్చింది. నాకు నీ మీద కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ నిన్ను నిలదీయడానికి రాలేదు. నీకు తెలిసింది నాకు చెప్పు. ఇవాళ కాకపోతే రేపు చెప్పు.'

అని ఆగిపోండి. ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని మీరు పూరించకండి. ఆమె 'ఆ మిషన్లన్నీ తప్పులు' అనొచ్చు. లేచి వెళ్లి గిన్నెలు తోముతూ నిలబడొచ్చు. మీ మీదే అరవొచ్చు. మొదటి రోజు వచ్చే జవాబు జవాబు కాదు. ఆమెకు నలభై ఏళ్ల నోరు కట్టు ఉంది, మీకు మూడు వారాల నొప్పి ఉంది. రెండూ ఒకేసారి విప్పుకోవడం కుదరదు. రెండో రోజో మూడో రోజో, మీరు పడుకున్నారనుకుని పక్కకొచ్చి కూర్చుంటే, అప్పుడు వినండి. 'చెప్పలేనమ్మా' అంటే ఆ పూటకు అక్కడితో ఆపేయండి. అవతల బలవంతం జరిగిన ఛాయ కనపడితే ఇక అసలు గుచ్చకండి.

నాన్నకు తెలుసా అన్నదే మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ తినేస్తోందని నాకనిపించింది. మద్రాసులో దాత ద్వారానే జరిగి ఉంటే, మామూలుగా భర్త ఒప్పుకోలు లేకుండా చేసేవారు కాదు. గుంటూరు నుంచి రైలెక్కించి తీసుకెళ్లింది కూడా ఆయనే అయి ఉంటారు. అదే నిజమైతే, ఆ పాల గ్లాసును ఇంకోసారి తలుచుకోండి. బయట ఎవరికీ చెప్పుకోలేని సంగతి కడుపులో పెట్టుకున్న మనిషి ఆయన. పాలు ఎత్తి పోసి, నురగ వచ్చేదాకా చల్లార్చి, మీ చేతికిచ్చారు. మీరు తాగేదాకా నిలబడి ఉంటారు కూడా. తెలిసే చేశారా, తెలియక చేశారా అన్నది అమ్మ చెప్తుందేమో. ఎలాగైనా, పాలు చల్లార్చింది మీ కోసమే.

తమ్ముడి విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. వాడి నుంచి దాచొద్దు. పాస్‌వర్డ్ నమ్మి ఇచ్చాడు, ఆ ఫలితం వాడిది. కానీ ఒక నెల ఆగొచ్చు. తండ్రికి పిండం పెట్టబోయే కొడుక్కి, ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నను ముందే చేతిలో పెట్టడం నాకు న్యాయమనిపించలేదు. అమ్మతో మీరు మాట్లాడాక, కొడుక్కి తనే చెప్పుకునే అవకాశం అమ్మకివ్వండి. ముగ్గురూ ఒక ఇంట్లో ఉండగానే వాడికి తెలియాలి. వాడు తిరుగు విమానం ఎక్కేలోపు. అమ్మ ఒప్పుకోకపోయినా మీరు చెప్పాలి, ఆ సంగతి అమ్మకు ముందే చెప్పండి. ఈలోగా వాడే అడిగినా, కంపెనీ నుంచి వాడికి మెయిల్ వచ్చినా బొంకకండి. 'ఊహించనిది ఒకటి ఉంది, ఇప్పుడే వింటావా, సంవత్సరీకం అయ్యాక వింటావా' అని అడగండి. ఎంచుకోవాల్సింది వాడు. ఒక జాగ్రత్త. రెండు అకౌంట్లలోనూ బంధువులకు కనిపించే సెట్టింగ్ ఉంటుంది. మీది ఇవాళే ఆపేయండి. లేకపోతే ఎక్కడో ఉన్న మేనత్త కొడుకు ముందు చూస్తాడు. వాడి అకౌంట్‌లో మాత్రం వాడిని అడక్కుండా ఏదీ మార్చకండి, తుడిచేయకండి.

గోత్రం గురించి అడిగారు. సంవత్సరీకం రోజున చెప్పేది పోయిన ఆయన గోత్రం, ఆయన పేరు. ఏ టెస్టుతోనూ అది మారదు. మన ఆచారంలో గోత్రం రక్తం వెంటే పోతుందనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. దత్తత వెళ్లిన కొడుక్కి పెంచిన తండ్రి గోత్రమే వస్తుంది, ఆయనకు పిండం పెట్టే అధికారమూ వస్తుంది. పెళ్లి పీటల మీద మీ గోత్రం మీ వారి గోత్రమైంది. ఆ రోజు ఎవరూ మీ రక్తం మార్చలేదు. మీరు తమ్ముడి పక్కన కూర్చోండి. తల వంచుకోవాల్సిన పని మీరేమీ చేయలేదు.

చట్టం భయం ఉంటే అదీ రెండు ముక్కల్లో చెప్తాను. చెల్లుబాటయ్యే పెళ్లిలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్‌లోనూ అదే ఉంది. బిడ్డ కడుపున పడే సమయంలో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని రుజువు చేస్తే తప్ప అది చెక్కు చెదరదు. అడగ్గానే డీఎన్ఏ టెస్టుకు ఆర్డర్ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2023లో మళ్లీ చెప్పింది. సర్టిఫికెట్లలో తండ్రి పేరు అలాగే ఉంటుంది. ఆస్తి గురించి ఎవరైనా నోరెత్తితే లాయర్ దగ్గరికి వెళ్లండి, అప్పటిదాకా దాని గురించి ఆలోచించకండి.

డాక్టర్ల దగ్గర మాత్రం ఒక మార్పు కావాలి. ఇన్నాళ్లూ ఫారంలో తండ్రికి గుండెజబ్బు అని రాస్తూ వచ్చి ఉంటారు. ఇకపై 'తండ్రి వైపు వివరాలు ఖాయంగా తెలియవు' అని చెప్పండి. మీ పిల్లల డాక్టర్‌కు కూడా. చేయించుకుంటున్న గుండె పరీక్షలు దీన్ని సాకుగా పెట్టుకుని మానేయకండి.

కన్నతండ్రి ఎవరో వెతకాలన్న ఆలోచన కూడా వస్తుంది. రావడం తప్పు కాదు, అలా వెతికితే నాన్నను కాదన్నట్టూ కాదు. అమ్మతో మాట్లాడకముందు మాత్రం వద్దు. మన దేశంలో ఈ టెస్టులు చేయించుకున్నవాళ్లు తక్కువ కాబట్టి ఏళ్లు గడిచినా దూరపు చుట్టాల పేర్లు తప్ప కనపడకపోవచ్చు.

ఇవాళ చేయాల్సిన పని ఒకటుంది. మీరు ఎన్ని రోజులకు వెళ్తున్నారో రాయలేదు. సంవత్సరీకం అయిన రెండు రోజులకే తిరుగు టికెట్ ఉంటే మార్చుకోండి. కనీసం పది రోజులు అమ్మ దగ్గర ఉండేలా చూసుకోండి. వీలైతే తమ్ముడిని కూడా అన్ని రోజులూ ఆపండి. వెళ్లొచ్చాక రాయాలనిపిస్తే రాయండి. జవాబిస్తాను.